పాత మిషను కొనేముందు షాఫ్టు తిప్పి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకటే అడిగారు, ఇంటి దగ్గర చిన్న షెడ్డులో సెకండ్ హ్యాండ్ మిషన్లు పెట్టుకుని చెక్కపని చేసుకోవాలని ఉంది, ఎలా మొదలెట్టాలి అని. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నా. మొదటి జవాబు పెద్దది, ఎందుకంటే మిగతావాళ్ళకి కూడా అందులోదే పనికొస్తుంది.

ప్రశ్న (విజయనగరం నుంచి): ఈమధ్యే రిటైరయ్యానండి. ఇంటి వెనకాల 10 బై 14 అడుగుల రేకుల షెడ్డు ఉంది. తెలిసిన ఫర్నిచర్ షాపాయన షాపు తీసేస్తూ పాత కాంబినేషన్ మిషను అమ్ముతున్నాడు. చిత్రిక, రంపం, డ్రిల్లు మూడూ ఒకదాంట్లోనే. 40 వేలు చెప్తున్నాడు. కొత్తగా పెయింటు వేసి ఉంది, చూడ్డానికి బాగానే ఉంది. కొనమంటారా?

జవాబు: కొనొచ్చండి, కానీ అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పూటంతా ఆ మిషను దగ్గరే ఉండాలి. పాత మిషన్లో లోపాలు రెండు రకాలు. బేరింగులు, బెల్టు, మోటారు వైండింగు, స్విచ్చి, బ్లేడు, పైపై తుప్పు, ఇవన్నీ డబ్బు పెడితే బాగుపడతాయి, వీటిని చూపించి ధర తగ్గించుకోవాలి అంతేగానీ బెదిరిపోయి వదులుకోకూడదు. పోత ఇనుములో పగులు, వంగిపోయిన టేబులు, బేరింగు వదులుగా ఆడేంత అరిగిపోయిన హౌసింగు (బేరింగు కూర్చునే గూడు), ఇవి మాత్రం ఇంటి దగ్గర పని చేసుకునేవాళ్ళకి బాగుపడేవి కావు. వీటిలో ఒక్కటి కనిపించినా ఊరికే ఇస్తానన్నా తెచ్చుకోవద్దు.

కొత్త పెయింటు ఉందన్నారు చూడండి, నాకు అక్కడే కొంచెం అనుమానం. అమ్మకానికి ముందు రంగు వెయ్యడం తప్పేం కాదు గానీ, రంగు కింద పుట్టీ పెట్టి పగుళ్ళు కప్పేసే అలవాటు కొంతమందికి ఉంది. టేబులు కింద వంగి టార్చి వేసి చూడండి, టేబులు బాడీకి బిగించే చెవుల దగ్గర, చిత్రిక కట్టర్ నోటి అంచుల దగ్గర, కాళ్ళ మూలల్లో. ఎక్కడైనా ఇత్తడి రంగు గీత కనిపిస్తే అక్కడ విరిగితే అతికించారని లెక్క. చిన్న సుత్తితో మెల్లగా తట్టినా తెలుస్తుంది, బాగున్న పోత ఇనుము గణగణమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది.

తర్వాత మెయిన్ తీయించేసి బెల్టు ఊడదీయమనండి. బెల్టు ఉండగా తిప్పితే మోటారు బరువు కలిసి ఏమీ తెలీదు. షాఫ్టుని చేత్తో తిప్పి చూడండి, నున్నగా తిరగాలి, గరగరమంటే బేరింగులు పోయినట్టు. అది పెద్ద సమస్య కాదు, నంబరు బేరింగు మీదే ఉంటుంది, 6204, 6205 లాంటివి ఏ బేరింగుల షాపులో అడిగినా ఇస్తారు. చూడాల్సిందల్లా షాఫ్టుని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ కదిపితే లొటలొటలాడుతుందా అని. ఆడుతుంటే బేరింగు అరిగిందా, అది కూర్చునే చోటే అరిగిందా అని ఊడదీసి చూపించమనండి. చూపించనంటే ఇంక అక్కడితో వదిలేయండి. షాఫ్టు వంకర చూడ్డానికి డయల్ గేజి ఉంటే మంచిది, లేకపోతే ఒక మేకుని చెక్కకి కొట్టి ఆ చెక్కని టేబులుకి క్లాంపు చేసి, మేకు మొన బ్లేడు కూర్చునే ఫ్లాంజికి తగిలీ తగలనట్టు పెట్టి నెమ్మదిగా తిప్పండి. ఒక వైపు గీసుకుని ఇంకో వైపు ఖాళీ వస్తే షాఫ్టో ఫ్లాంజో వంకర.

టేబులు చదును చూడ్డానికి రెండడుగుల కొత్త స్టీలు స్కేలు తీసుకెళ్ళండి. నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి ఏటవాలుగా నిలబెట్టి వెనక నుంచి వెలుగు వస్తుందేమో చూడండి. రంపం టేబులులో మధ్యలో కాగితం దూరేంత ఖాళీ ఉంటే ఫర్వాలేదు. చిత్రిక టేబుళ్ళ విషయంలో మాత్రం మొహమాటపడొద్దు, ముందు టేబులు వెనక టేబులు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే మీరు ఎంత జాగ్రత్తగా తోసినా పలక విల్లులా వంగే వస్తుంది, రెండు పలకలు అతికిస్తే మధ్యలో సందు కనిపిస్తుంది.

చిత్రిక కత్తులు బిగించి ఉండే కట్టర్ బ్లాకు గుండ్రంగా ఉందా చదరంగా ఉందా చూడండి. బాగా పాతవాటిలో చదరం బ్లాకులు ఉంటాయి. చదరం దాంట్లో రెండు కత్తుల మధ్య వేలు లోపలికి వెళ్ళేంత చోటు ఉంటుంది, గుండ్రం దాంట్లో ఆ చోటు చాలా తక్కువ, దెబ్బ తగిలినా పైపైన పోతుంది. చదరం బ్లాకున్న మిషను ఎంత చవగ్గా వచ్చినా నేను ఎవరికీ కొనమని చెప్పను. కత్తులు బిగించే బోల్టుల తలలు కూడా చూడండి. తలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే అవి గట్టిగా బిగవవు, వేలల్లో తిరిగే చోట కత్తి వదులైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక బెల్టు వేయించి స్టార్ట్ చేయించండి, ఒక ఇరవై నిమిషాలు అలా తిరగనిచ్చి, ఆపి, పూర్తిగా ఆగాక బేరింగు హౌసింగు మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఓకే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు ఖర్చు బేరంలోకి వస్తుంది. మీతో పాటు ఒక టేకు ముక్కో వేప ముక్కో తీసుకెళ్ళి కోయించి, చిత్రిక పట్టించి చూడండి. ఖాళీగా తిరిగేటప్పుడు ఏ మిషనైనా బాగానే ఉంటుందండి, చెక్క పెడితేనే అసలు సంగతి బయటపడుతుంది.

బ్లేడు గార్డు, బ్లేడు వెనకాల నిలబడే చీల్చుపలక ఉన్నాయో లేవో అడగండి. రైవింగ్ నైఫ్ అంటారు దాన్ని. మన వైపు షాపుల్లో మొదటిరోజే ఊడదీసి అటక మీద పారేస్తారు. కోసిన చెక్క మళ్ళీ దగ్గరికొచ్చి బ్లేడు వెనక పళ్ళని పట్టేస్తే ఆ చెక్క మన పొట్ట మీదకి దూసుకొస్తుంది, ఆ పలక ఉంటే రెండు ముక్కలూ దగ్గరికి రావు. అసలుది పోతే వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు, మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, బ్లేడు చేసే గాటు కంటే తక్కువ ఉండాలి, బ్లేడు వెనక పళ్ళకి 3 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో బ్లేడు వంపుకి తగ్గట్టే వంగి ఉండాలి. ఇది లేకుండా నిలువు కోత కొయ్యొద్దు.

మీ షెడ్డు సంగతి. 14 అడుగులు పెద్దదే అనిపిస్తుంది, కానీ ఎనిమిదడుగుల పలక కోయాలంటే బ్లేడుకి ముందు ఎనిమిది, వెనక ఎనిమిది కావాలి. అందుకని మిషనుని గోడకి ఆనించకుండా బ్లేడు గీత నేరుగా తలుపులోంచి బయటికి వెళ్ళేలా పెట్టుకోండి, పొడుగు పలక కోసేటప్పుడు తలుపు తీసుకుంటే సరిపోతుంది. తెచ్చేటప్పుడు టేబులు పట్టుకుని ఎత్తనివ్వొద్దు, తాళ్ళు బాడీకే వెయ్యాలి. ధర మాటకొస్తే, మీరు అనుకున్న మొత్తంలో మూడో వంతు వైరింగుకి, బేరింగులకి, మంచి కార్బైడ్ పళ్ళ బ్లేడుకి, గార్డుకి పక్కన పెట్టి మిగిలిన దాంట్లోనే మిషను బేరం చెయ్యండి. మిషనుకే అంతా పోసేసి గార్డు తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు.

ప్రశ్న (నరసన్నపేట నుంచి): సార్, నేను తీసుకున్న పాత రంపం మిషనుకి 3 హెచ్.పి. త్రీ ఫేజ్ మోటారు ఉంది, మా ఇంటికి సింగిల్ ఫేజే. మోటారు మార్చాలా? పొలంలో బోరుకి వాడే ఆటో స్టార్టరు ఒకటి ఖాళీగా ఉంది, అది దీనికి పెట్టొచ్చా?

జవాబు: రెండో దానికి ముందు జవాబు చెప్తా, వద్దు బాబూ, ఆటో స్టార్టరు రంపానికి ఎప్పుడూ పెట్టొద్దు. బోరుకి అది మంచిదే, రాత్రి ఎప్పుడో కరెంటొస్తే తనంతట తానే ఆన్ అయి నీళ్ళు తోడుతుంది. రంపం దగ్గర అదే జరిగితే? కరెంటు పోయింది కదా అని నువ్వు బ్లేడు దగ్గర ఇరుక్కున్న ముక్క తీస్తుంటావు, అప్పుడే కరెంటు వస్తుంది. మన ఊళ్ళల్లో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో తెలుసు కదా. దీనికి మామూలు డి.ఓ.ఎల్. స్టార్టరు పెట్టు, కరెంటు పోతే అది పడిపోతుంది, మళ్ళీ పచ్చ బటను నొక్కితేనే లేస్తుంది. పాత ఆటో స్టార్టరే వాడాలనుకుంటే అందులో ఆటో కనెక్షను తీసేసి మాన్యువల్ లో వైరింగు చెయ్యమని ఎలక్ట్రీషియన్ ని దగ్గరుండి చేయించు. ఎర్ర బటను మోకాలితో కూడా నొక్కేలా పెద్దది పెట్టించుకుంటే ఇంకా మంచిది, రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు అదే కాపాడుతుంది.

మోటారు మార్చక్కర్లేకపోవచ్చు. మోటారు లోపలి చుట్టల కొసలు కలపడానికి స్టార్, డెల్టా అని రెండు పద్ధతులుంటాయి. దాని పలక మీద చూడు, 415 వోల్టులు స్టార్ అని ఉండి, టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి వచ్చి ఉంటే, దాన్ని డెల్టాకి మార్చి, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వి.ఎఫ్.డి. డ్రైవుతో నడపొచ్చు. మన దగ్గర 3 హెచ్.పి. దాకా మోటార్లు ఎక్కువ స్టార్ లోనే ఉంటాయి కాబట్టి చాలావరకు కుదురుతుంది. 415 డెల్టా అని ఉంటే మాత్రం ఆ డ్రైవుతో దానికి చాలినంత వోల్టేజీ అందదు. డ్రైవు పెడితే డి.ఓ.ఎల్. స్టార్టరు దానికీ మోటారుకీ మధ్య పెట్టకూడదు, డ్రైవుకే స్టార్ట్, స్టాప్ బటన్లు పెట్టుకుని, కరెంటు వచ్చాక తనంతట మొదలయ్యే సెట్టింగు ఉంటే ఆఫ్ లో ఉంచాలి. కెపాసిటర్లు పెట్టి త్రీ ఫేజ్ మోటారుని సింగిల్ మీద లాగించే పద్ధతి కూడా ఉంది గానీ పవరు బాగా పడిపోతుంది, గట్టి చెక్క పెడితే మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది. లేదంటే అది అమ్మేసి 2 హెచ్.పి. సింగిల్ ఫేజ్ మోటారు వేసుకో, ఇంటి పనికి చాలు.

2 హెచ్.పి. అంటే దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు, నడిచేటప్పుడు పది ఆంపియర్ల దాకా లాగుతుంది, స్టార్టింగులో దానికి ఐదారు రెట్లు. ఇంట్లో టీవీ పాయింటు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి నడిపితే వైరు కాలుతుంది. మీటరు బోర్డు నుంచి నేరుగా షెడ్డుకి 4 స్క్వేర్ ఎం.ఎం. కాపర్ వైరు, కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే 20 ఆంప్స్ సి టైపు ఎం.సి.బి., షాకు కొడితే కరెంటు కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్.సి.సి.బి., మంచి ఎర్తు. మిషను బాడీకి ఎర్తు తప్పనిసరి. 3 హెచ్.పి. ఉంచుకుంటే ఇంటి శాంక్షన్ లోడు ఎంతో బిల్లు మీద చూసి చాలకపోతే కరెంటాఫీసులో లోడు పెంచుకో. డబ్బులకి ఆర్డర్లు చెయ్యడం మొదలెడితే కనెక్షను కేటగిరీ మారుతుంది, అదీ అక్కడే అడుగు.

ఇంకోటి, పుల్లీలు మార్చేటప్పుడు స్పీడు లెక్క చూసుకో. 2880 తిరిగే మోటారుకి 4 అంగుళాల పుల్లీ, షాఫ్టుకి 3 అంగుళాలది వేస్తే బ్లేడు 3840 తిరుగుతుంది, 10 అంగుళాల బ్లేడుకి సరిపోతుంది. బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ స్పీడు ఎప్పుడూ దాటకూడదు. అదే 1440 మోటారైతే అవే పుల్లీలతో 1920 మాత్రమే వస్తుంది, కోత నెమ్మదిగా సాగుతుంది, మాడిన వాసనొస్తుంది, జనం బ్లేడుని తిట్టుకుంటారు పాపం.

ప్రశ్న (బొబ్బిలి నుంచి): నమస్కారం. నేను చిన్న చిన్న చెక్క డబ్బాలు, పిల్లల బొమ్మలు చెయ్యాలనుకుంటున్నాను. పెద్ద రంపం అంటే భయం. మా అత్తగారికి ఆయాసం, రంపపు పొట్టు ఇంట్లోకి రాకూడదు. మొదట ఏ మిషను కొనాలి?

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే, చిన్న ముక్కలు పని చేసేవాళ్ళు సర్క్యులర్ రంపంతో మొదలెట్టకూడదు. చెయ్యంత ముక్కని ఆ బ్లేడు దగ్గరికి తీసుకెళ్తే పట్టుకోడానికి చోటే ఉండదు. మీకు బ్యాండ్ సా చిన్నది, అంటే 12 నుంచి 14 అంగుళాల చక్రాలున్నది సరిపోతుంది. దాని బ్లేడు చెక్కని కిందకి, టేబులు మీదకే నొక్కుతుంది కాబట్టి మన మీదకి విసరదు, వంపులూ కోస్తుంది. వేళ్ళ దగ్గర జాగ్రత్త మాత్రం దీనికీ కావాలి, పై గైడుని చెక్కకి దగ్గరగా దించి బ్లేడు తక్కువ కనిపించేలా పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ లో కొంటే చక్రాల మీద రబ్బరు టైర్లు పగిలాయేమో చూడండి, అవి మార్చుకోవచ్చు. చక్రాలు చేత్తో తిప్పితే ఊగకూడదు, బ్లేడు వేసి తిప్పితే టైరు మీద ఒకే చోట నడవాలి, బిగింపు స్ప్రింగు పనిచెయ్యాలి. తెగిన బ్లేడు అతికించేవాళ్ళు కోత మిల్లుల దగ్గర దొరుకుతారు.

పక్కనే గొల్లపల్లి ఉంది కదమ్మా, ఒకే పనస దుంగలోంచి వీణ మొత్తం తొలిచి తీస్తారు అక్కడ. ఒక రోజు వెళ్ళి వాళ్ళు ఉలి ఎలా పట్టుకుంటారో, చెక్క నార ఎటుందో ముందు ఎలా చూసుకుంటారో కూర్చుని గమనించండి, మిషను కొనే ముందే వెళ్ళండి. ఆ చూపు వచ్చాక మిషను మీద పని తేలికవుతుంది.

పొట్టు గురించి మీరు అడగడం నాకు చాలా సంతోషం, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే మనుషులకి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది, ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకి. కంటికి కనిపించే పొట్టు కింద పడిపోతుంది, కనిపించని సన్నటిదే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని షెడ్డు మీంచి గాలి ఇంట్లోకి వీచే వైపు షెడ్డు ఉండకూడదు, ముఖానికి పట్టుగా ఉన్న ఎన్ 95 మాస్కు వేసుకోవాలి, నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. మిషను దగ్గర కొంగు, చున్నీ, గాజులు, జారిన జడ, చేతి గ్లౌజులు ఏవీ ఉండకూడదు కూడా. వాక్యూమ్ క్లీనరుకి ముందు ఒక మూతున్న బకెట్టు, దాని మీద గాలిని సుడి తిప్పి పొట్టుని కిందకి రాల్చే సైక్లోన్ గరాటు పెడితే పొట్టంతా బకెట్లోనే పడుతుంది, ఫిల్టరు తొందరగా మూసుకుపోదు. ఆ బట్టలతోనే అత్తగారి గదిలోకి వెళ్ళకండి. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) కోయడం పూర్తిగా మానేస్తే మంచిది, దాని ధూళి మరీ సన్నం, అందులో జిగురు కూడా ఉంటుంది.

ప్రశ్న (పలాస నుంచి): తిత్లీ తుఫానులో మా పెరట్లో పెద్ద పనస పడిపోయింది. అప్పుడే మిల్లులో పలకలు కోయించి పశువుల శాలలో పేర్చాం. ఇప్పుడు పాత చిత్రిక మిషను కొన్నాను, ఆ పలకలు పనికొస్తాయా? కొబ్బరి మానులు కూడా ఉన్నాయి.

జవాబు: 2018 అక్టోబర్ తుఫాను అది, ఉద్దానంలో ఎన్ని తోటలు పోయాయో మీకు నేను చెప్పాలా. ఆ పలకలు పుప్పి (చెక్క తినే పురుగు) పట్టకుండా ఉంటే బంగారం. అంగుళం మందం పలక నీడలో ఆరడానికి ఏడాది పడుతుందని పాత లెక్క, మీవి ఎప్పుడో ఆరిపోయి ఉంటాయి. అయినా శాలలో తేమ ఉంటుంది కాబట్టి షెడ్డులోకి తెచ్చి మధ్యలో అంగుళం కర్రలు పెట్టి పేర్చి, ఒక ముక్కని వారానికోసారి తూకం వెయ్యండి, బరువు తగ్గడం ఆగిపోతే పని మొదలెట్టొచ్చు.

సన్నటి పొడి రాలుతూ చిన్న చిన్న కన్నాలుంటే పుప్పి బతికే ఉన్నట్టు, ఆ పలకని వేరు చెయ్యండి, మిగతావాటికి అంటుకుంటుంది. చిత్రికలోకి పెట్టే ముందు ఇనప బ్రష్షుతో మట్టి, ఇసక అంతా తోమెయ్యండి, ఒక గట్టి అయస్కాంతాన్ని పలక పొడుగునా నడిపించండి. పెరటి చెట్లకి బట్టల తీగ కట్టిన మేకులు, ముళ్ళ తీగలు లోపలే ఉండిపోతాయి, ఒక్క మేకు తగిలితే కత్తుల సెట్టు మొత్తం గాట్లు పడుతుంది. కొత్తగా కోసిన పనస పచ్చగా మెరిసి తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది, అది పాడైపోవడం కాదు.

కొబ్బరిలో బయటి వైపు గట్టి భాగమే పనికొచ్చేది, లోపలి మెత్తటిది వదిలెయ్యండి. కత్తుల పదును మాత్రం చాలా తొందరగా తినేస్తుంది, కార్బైడ్ బ్లేడుతోనే కోయండి. ఇకముందు దుంగలు కోయాలంటే ఇంటి దగ్గర పెద్ద రంపం పెట్టకండి, దానికి అటవీ శాఖ లైసెన్సు వ్యవహారం ఉంటుంది. లైసెన్సున్న మిల్లులోనే కోయించి రసీదు దాచుకోండి, పచ్చి చెట్టు కొట్టేముందు కూడా అనుమతి కావాలేమో ఫారెస్టు ఆఫీసులో అడగండి.

ప్రశ్న (కళింగపట్నం నుంచి): సముద్రం దగ్గర, మిషను టేబులు వారానికే ఎర్రబడుతోంది.

జవాబు: కిరసనాయిలుతో తడిపిన సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, పూర్తిగా తుడిచి, నీరెండలో వెచ్చబెట్టి, పారఫిన్ మైనం రాసి గుడ్డతో మెరిసేదాకా రుద్దండి. నూనె రాస్తే చెక్కకి అంటి పాలిష్ పట్టదు. పైన ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి ఇంకా ఎక్కువ తుప్పొస్తుంది, మందం నూలు దుప్పటి కప్పండి. సెలవు రోజుల్లో కూడా ఒకసారి తీసి చూడండి. ఇసక గాలి వచ్చే కిటికీ ఉంటే దానికి దోమతెర కొట్టెయ్యండి, బేరింగులకి అది మంచిది.

ప్రశ్న (రాజాం నుంచి): మా నాన్న వడ్రంగి. నేను పాత మిషన్లు కొని ఇంటికాడే పని పెడదామంటే ఆయన ససేమిరా అంటన్నారు, మిషను వేళ్ళు తినేస్తాదని. ఏటి చెప్పాల ఆయనకి? డబ్బులు కూడా తక్కువే.

జవాబు: తమ్ముడూ, ఆయనకి చెప్పడం కంటే ఆయన మాట మీద షెడ్డు కట్టడం మంచిది. ఏ మిషను దగ్గర ఏ దెబ్బ తగిలిందో ఆయన కళ్ళారా చూసుంటారు, కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడుగు. రంపం గార్డు లేకపోవడం, చిన్న ముక్కని చేత్తో తొయ్యడం, తిరుగుతున్న బ్లేడు పక్కన తుడవడం, నిద్రమత్తులో రాత్రి పని, సాధారణంగా ఇవే వస్తాయి. వాటిలో ప్రతిదానికీ ఒక ఏర్పాటు చేసి ఆయనకి చూపించు. తోసే కర్రలు రెండు ఆయన చేతే చేయించు, మిషనుకి పక్కనే మేకుకి వేలాడదియ్యి. కండువా, లుంగీతో మిషను దగ్గరికి ఎవరూ రాకూడదని పెట్టుకో, ఆయనైనా సరే. ఆయన ఉలి, బాడిత, చేతి చిత్రిక అమ్మెయ్యకు. మోర్టీసులు (అతుకు కోసం చెక్కలో తొలిచే కన్నాలు), సందులు కలపడం, చివరి నునుపు ఆయన చేతి పనే, మిషను బరువు పని చేస్తుంది.

డబ్బుకి ఒక దారి ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకి 500 భత్యం, పనిముట్లకి 15 వేల వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల దాకా అప్పు. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, సొంతంగా ఆ పని చేస్తున్నవాళ్ళకే, కాబట్టి మీ ఇద్దర్లో ఎవరి పేరు పెట్టాలో ముందే అనుకోండి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రేషన్ కార్డు పట్టుకుని దగ్గర్లో ఉన్న కామన్ సర్వీస్ సెంటరుకి వెళ్ళి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కో. అప్పు చేతికొచ్చినా మూడు మిషన్లు ఒకేసారి కొనకు. మొదట చిత్రిక ఒక్కటి తీసుకో, అది నాన్నగారి నడుముకి ఎక్కువ సుఖమిచ్చేది. విశాఖపట్నం గాజువాక ఆటోనగర్ వైపు వెళ్ళి పాత మిషన్లు చూసేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్ళు, స్టీలు స్కేలు నువ్వు పట్టుకో, షాఫ్టు ఆయన్ని తిప్పనియ్యి.